‘టైమ్ దొరికితే’ని ‘పళ్ళు తోమగానే’గా మార్చుకోవడం ఎలా

నా లాప్‌టాప్‌లో ‘నవల ఫైనల్’ అని ఒక ఫైల్ ఉండేది. నాలుగేళ్ళు ఉంది. తెరిస్తే అందులో మూడున్నర లైన్లు. నాలుగో లైన్ "వర్షం ఆగాక ఆమె" దగ్గర ఆగిపోయింది, ఆగాక ఆమె ఏం చేసిందో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ ఆ నాలుగేళ్ళలో అట్ట మీద బొమ్మ ఎలా ఉండాలో, వెనక అట్టకి నా ఫోటో ఏ పక్క నుంచి తీయించుకోవాలో, అంకితం ఒకరికి ఇస్తే ఇంకెవరు అలుగుతారో, ఇవన్నీ మాత్రం పక్కాగా డిసైడ్ అయిపోయాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అదే.

ఒకరోజు ఫోన్లో మా అక్కతో "టైమ్ దొరికితే రాసేద్దునక్కా, కథంతా తల్లోనే ఉంది" అన్నాను. అక్క ఏమీ అనలేదు, "ఊఁ" అంది అంతే. ఆ ఊఁ నాకు గుచ్చుకుంది. ఫోన్ పెట్టేశాక ఆ ముక్క ఎన్నిసార్లు అనుంటానా అని ఆలోచించా. టైమ్ దొరికితే, ఈ ప్రాజెక్ట్ అయిపోతే, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే, మూడ్ వస్తే, మంచి టేబుల్ ఒకటి కొనుక్కుంటే. అన్నీ ‘తే’ దగ్గరే ఆగుతున్నాయి. మీరు కూడా మీ కల గురించి మాట్లాడేటప్పుడు ఒకసారి మీ మాటలు మీరే వినండి, డబ్బులుంటే, ఇంట్లో సపోర్ట్ ఉంటే, పదేళ్ళ ముందే తెలిసుంటే.

పనులు చేసేవాళ్ళ మాటల్లో ఇంకో ముక్క వినిపిస్తుంది, ‘గానే’. ఆఫీస్ నుంచి రాగానే, పిల్లలు పడుకోగానే, జీతం పడగానే. గానే అన్నామంటే ముందు చెప్పింది ఎలాగూ జరిగేదే, కాబట్టి దాని తోకకి కట్టిన పని కూడా కదులుతుంది. కింద రాసిందంతా ఆ ‘తే’ని ‘గానే’ చేసుకునే పద్ధతే. కాకపోతే దానికి ముందు రెండు మూడు పనులున్నాయి, అవి చెయ్యకుండా డైరెక్ట్‌గా దూకితే కుదరదు, నేను దూకి చూశా కాబట్టి చెప్తున్నా.

1. ముందు కలల లిస్ట్ రాసి, సగం కొట్టేయండి

ఒక కాగితం తీసుకుని మీకు కావాలనిపించేవన్నీ రాయండి, చిన్నవి పెద్దవి అన్నీ, ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి సిగ్గు వద్దు. రాశాక ఒక్కోదాని పక్కన ఆ కలలోని ఒక మామూలు రోజు ఎలా ఉంటుందో రాయండి. గెలిచిన రోజు వద్దు, మామూలు రోజు. సింగర్ అవ్వాలంటే మామూలు రోజు ఏంటి, ఒకే లైన్‌ని నలభైసార్లు పాడటం, నలభయ్యో సారి కూడా శ్రుతి తప్పడం. సొంత బిజినెస్ అంటే డబ్బులివ్వని కస్టమర్‌కి మళ్ళీ ఫోన్ చేసి మొహమాటం లేకుండా అడగటం. పుస్తకం రాయడమంటే నిన్న రాసిన పేజీ ఇవాళ చదివి సగం కొట్టేయడం. ఆ రోజు మీకు ఇష్టంగా ఉండాలని రూలేం లేదు, భరించగలరా లేదా అంతే చూడండి.

నా లిస్ట్‌లో తొమ్మిది వచ్చాయి, ఈ లెక్కలో ఆరు పోయాయి. ఫ్రెంచ్ నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఉండేది, నిజం ఒప్పుకుంటే నాకు ఫ్రెంచ్ రావాలని లేదు, నేను ఫ్రెంచ్ మాట్లాడుతుంటే పక్కవాళ్ళు చూడాలని ఉంది. క్రియారూపాలు బట్టీ పట్టే రోజు ఊహించుకుంటేనే నిద్రొచ్చింది. కొట్టేశా. కొట్టేసినప్పుడు కొంచెం బాధగానే ఉంటుంది, అలవాటైన వస్తువు ఇంట్లోంచి తీసేసినట్టు, రెండు రోజుల్లో ఆ ఖాళీ హాయిగా అనిపిస్తుంది.

ఇది ఎందుకు చెయ్యాలంటే ఊహకి ఊహే సరిపోతుంది. గాబ్రియేల్ ఓటింగెన్ అని ఒక సైకాలజిస్ట్ ఉన్నారు, ఆవిడ ఈ సంగతి మీదే దశాబ్దాలుగా పని చేస్తున్నారు. 1991లో వచ్చిన ఆవిడ స్టడీలో బరువు తగ్గే ప్రోగ్రామ్‌లో చేరిన 25 మంది ఆడవాళ్ళని గమనించారు. నేను తగ్గగలను అని నమ్మకం ఉన్నవాళ్ళు బాగానే తగ్గారు, అది సరే. కానీ సన్నబడిపోయి అందరూ మెచ్చుకుంటున్నట్టు తియ్యతియ్యగా ఊహించుకున్నవాళ్ళు ఏడాది తర్వాత చూస్తే, అంత తియ్యగా ఊహించుకోనివాళ్ళ కంటే దాదాపు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, ఊహలో తేలడం వేరు అన్నమాట. నా అట్ట బొమ్మ గుర్తొచ్చింది ఇది చదివినప్పుడు.

అందుకని కళ్ళు మూసుకుని విజయాన్ని చూడండి అనే సలహా ఎవరైనా ఇస్తే కొంచెం ఆగండి. ఊహించుకోవాలనిపిస్తే పని చేస్తున్నట్టు ఊహించుకోండి. 1999లో అమెరికాలో కాలేజీ స్టూడెంట్స్ మీద ఫామ్, టేలర్ అని ఇద్దరు చేసిన ప్రయోగంలో పరీక్షలో మంచి గ్రేడ్ వచ్చేసినట్టు ఊహించుకున్న బ్యాచ్ కంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్న బ్యాచ్ ఎక్కువ గంటలు చదివింది, మార్కులూ ఎక్కువే తెచ్చుకుంది.

2. కలని కెమెరాకి దొరికేలా రాయండి

మిగిలిన వాటిల్లో ఒక్కటి తీసుకోండి. ఒక్కటే. రెండోది పాపం అనిపిస్తుంది కానీ దాన్ని ఆరు నెలల తర్వాత చూద్దురు గాని.

ఇప్పుడు దాన్ని ఎలా రాయాలంటే, మీ గదిలో ఒక కెమెరా పెడితే ఆ పని అందులో కనపడాలి. "ఫిట్‌గా అవ్వాలి" కెమెరాలో కనపడదు. "వారానికి నాలుగు రోజులు ముప్పై నిమిషాలు నడవాలి" కనపడుతుంది. "ఇంగ్లీష్ ఇంప్రూవ్ చేసుకోవాలి" కనపడదు, "రోజూ ఒక పేజీ పైకి చదివి ఫోన్లో రికార్డ్ చేసుకుని వినాలి" కనపడుతుంది. "మంచి ఉద్యోగం రావాలి" అసలు మీ చేతిలోనే లేదు, అది ఎవరో ఇవ్వాలి. "వారానికి ఐదు అప్లికేషన్లు, ఒక్కోదానికి విడిగా మార్చి రాసిన రెజ్యూమెతో" ఇది పూర్తిగా మీ చేతిలో ఉంది. ఈ తేడా బాగా పట్టుకోండి, ఎందుకంటే చాలామంది వేరేవాళ్ళ చేతిలో ఉన్నదాన్ని గోల్‌గా పెట్టుకుని అది రాకపోతే మనం పనికిరామేమో అని డీలా పడిపోతారు.

రాస్తే చాలు జరిగిపోతుంది అనుకోకండి మళ్ళీ. 1953లో యేల్ యూనివర్సిటీలో గోల్స్ రాసుకున్న 3 శాతం మంది తర్వాత మిగతా 97 శాతం మందిని కలిపినా మించి సంపాదించారు అని ఒక కథ ఎప్పటి నుంచో తిరుగుతోంది, మోటివేషన్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్తారు. అసలు ఆ స్టడీనే జరగలేదు. వెతికినవాళ్ళకి ఎక్కడా దొరకలేదు. రాసుకోవడం మంచిదే, కాగితానికి మాత్రం మహిమలు లేవు.

3. మొదటి ముక్క ఎంత చిన్నదంటే, ఎవరికైనా చెప్పుకోడానికి సిగ్గేయాలి

ఇక్కడ నా ఫ్రెండ్ సంగతి చెప్పాలి. తనకి నలభై ఒకటో ఏట ఈత నేర్చుకోవాలనిపించింది. నీళ్ళంటే చిన్నప్పటి నుంచి భయం, తలస్నానం చేసేటప్పుడు ముఖం మీద నీళ్ళు పడితేనే ఊపిరి బిగబట్టే రకం. రెండుసార్లు క్లాసులో చేరి రెండుసార్లూ మొదటి రోజే మానేసింది. మూడోసారి ఏం చేసిందంటే, మొదట్లో అసలు నీళ్ళలోకే దిగలేదు. బ్యాగ్ సర్దుకుని, బట్టలు మార్చుకుని, గట్టు మీద కూర్చుని మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టి పది నిమిషాలు కూర్చుని వచ్చేసింది. నాలుగు రోజులు అదే. పక్కన ఎనిమిదేళ్ళ పిల్లలు దభీమని దూకుతుంటే ఈవిడ మీద నీళ్ళు చింది కళ్ళద్దాలు తడిసిపోయేవట. ఐదో రోజు మెట్లు దిగి నడుం లోతు నీళ్ళలో రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. రెండో వారం కోచ్ చెప్పినట్టు ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలడం. "బుడగలు వదలడానికి డబ్బులు కడుతున్నావా" అని ఇంట్లో నవ్వారు. నవ్వనీ అంది. మూడో నెలలో అడ్డంగా ఒక దరి నుంచి ఇంకో దరికి వెళ్ళింది, ఎలా వెళ్ళిందని అడక్కండి, వెళ్ళింది.

ఆ మొదటి వారంలో తను ఈత నేర్చుకోలేదు కదా అంటారేమో. నేర్చుకోలేదు. కానీ అక్కడికి వెళ్ళడం, బట్టలు మార్చుకోవడం, నలుగురిలో కొత్తదానిలా కూర్చోవడం, ఈ మూడూ అయిపోయాయి. మనం అనుకుంటాం పని కష్టమని, చాలాసార్లు పని దాకా వెళ్ళడమే కష్టం.

సైజు ఎలా చూసుకోవాలంటే, మీకు జ్వరం తగ్గిన మర్నాడు కూడా చెయ్యగలిగేంత ఉండాలి. పుస్తకమైతే ఐదు లైన్లు. పరీక్షకి ప్రిపేర్ అవుతుంటే ఒక ప్రశ్న. పొదుపు అయితే విడిగా ఒక అకౌంట్ తెరవడం, అందులో ఎంత వెయ్యాలన్నది తర్వాత. వ్యాపారమైతే ఆ వ్యాపారం ఇప్పటికే చేస్తున్నవాళ్ళలో ఒకరితో పావుగంట మాట్లాడటం. అంత చిన్నదేంటి అనిపించిందంటే సరిగ్గా ఉన్నట్టే.

4. ఇప్పుడు ‘గానే’ కట్టండి

అసలు పని ఇదే. మీ రోజులో ఎలాగూ జరిగే పనులు ఒక పది రాయండి: లేవడం, పళ్ళు తోమడం, స్నానం, బయటికి వెళ్ళేటప్పుడు తాళం వెయ్యడం, భోజనం, ఇంటికొచ్చి చెప్పులు విప్పడం, గిన్నెలు కడగడం, ఫోన్ చార్జింగ్ పెట్టడం. ఇవి మీరు మోటివేషన్‌తో చెయ్యరు. అలిగినా చేస్తారు, ఏడ్చినా చేస్తారు. వీటిలో ఒకదానికి మీ చిన్న ముక్కని కట్టండి. "పళ్ళు తోమగానే, బాల్కనీ పక్క కుర్చీలో కూర్చుని, ఐదు లైన్లు రాస్తాను." ఏది అవ్వగానే, ఎక్కడ, ఏంటి, మూడూ ఉండాలి. ఎక్కడ అన్నది చాలామంది వదిలేస్తారు, అది వదిలితే మళ్ళీ ఇల్లంతా తిరిగి చోటు వెతుక్కోవడంలో ఆ కాస్త ఊపూ పోతుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ ముప్పై ఏళ్ళకి పైగా దీని మీదే ఉన్నారు. ఈ పద్ధతి మీద బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయోగం 2002లో పబ్లిష్ అయ్యింది, స్టూడెంట్స్‌ని మూడు గుంపులు చేశారు. వచ్చే వారంలో కనీసం ఒక్కసారైనా గట్టిగా ఎక్సర్‌సైజ్ చెయ్యాలి, అదే టాస్క్. మామూలుగా వదిలేసిన గుంపులో 38 శాతం మంది చేశారు. చెయ్యకపోతే గుండెకి ఏమవుతుందో చదివించి మోటివేట్ చేసిన గుంపులో 35 శాతం, అంటే మోటివేషన్ వల్ల పైసా లాభం రాలేదు. మూడో గుంపుకి ఆ చదువుతో పాటు ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో రాయమన్నారు అంతే, 91 శాతం మంది చేశారు. నాకు ఈ 35 అనే అంకె భలే నచ్చుతుంది, మోటివేషన్ వీడియోలు చూస్తూ పడుకునే ప్రతి రాత్రీ గుర్తొస్తుంది.

కట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. రాత్రిపూట అన్నీ అయ్యాక అని పెట్టుకోకండి, అన్నీ ఎప్పుడూ అవ్వవు. ఇంకోటి, ఒకే ‘గానే’కి మూడు పనులు తగిలించకండి, "లేవగానే ధ్యానం, యోగా, డైరీ, చన్నీళ్ళ స్నానం" అని నేనూ ఒకసారి పెట్టుకున్నా, మూడో రోజుకి లేవడమే మానేశా.

5. అడ్డం వచ్చేవాటికి మాత్రం ‘తే’ వాడండి

తే మీద ఇంత విసుక్కున్నాను కదా, దానికీ ఒక మంచి ఉద్యోగం ఉంది. "టైమ్ ఉంటే రాసేదాన్ని" అన్నప్పుడు అది సాకు. "కరెంటు పోతే కాగితం మీద రాస్తాను" అన్నప్పుడు ప్లాన్. తే తర్వాత చేసేదాన్ని, చేసేవాణ్ణి అని వస్తోందా, చేస్తాను అని వస్తోందా చూసుకోండి, తెలిసిపోతుంది.

ఓటింగెన్ గారి పద్ధతి కూడా ఇక్కడికే వస్తుంది, దాన్ని వూప్ అంటారు. కోరిక అనుకోవాలి, అది తీరితే ఏం బాగుంటుందో అనుకోవాలి, వెంటనే మనలో ఏది అడ్డం వస్తుందో చూడాలి, ఆ అడ్డానికి ఒక ప్లాన్ కట్టాలి. ఆ వరస ముఖ్యం, తీపి ముందు, వెంటనే అడ్డం. ‘మనలో’ అన్న మాట కూడా ముఖ్యం. బాస్, ట్రాఫిక్, అత్తగారు, వీళ్ళ లిస్ట్ మనందరి దగ్గరా రెడీగా ఉంటుంది, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆ లిస్ట్ పక్కన పెట్టి, ఖాళీగా ఉన్న ఆదివారం కూడా ఎందుకు చెయ్యలేదో అడుక్కోండి.

నాకు దొరికిన సమాధానం చాలా చిన్నది, కొంచెం అసహ్యంగా కూడా ఉంది. రాస్తే బాగోదేమో అని భయం. తల్లో ఉన్నంతసేపూ నవల అద్భుతంగా ఉంది, కాగితం మీదకి వస్తే మామూలుగా ఉంటుంది, అందుకే రానివ్వట్లేదు. దానికి నేను కట్టిన తే ఇది: "ఛీ ఇదేం బాగోలేదు అనిపిస్తే, ఆ వాక్యం కింద గీత గీసి తర్వాతది రాస్తాను, వెనక్కి వెళ్ళను." మొదటి నెలంతా పేజీల నిండా గీతలే.

మీది ఫోన్ కావచ్చు. అయితే ఆ టైమ్‌కి ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టండి, సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచితే లాభం లేదు. అలసట కావచ్చు, అప్పుడు ‘గానే’ని పొద్దుటికి మార్చండి. ఎవరో నవ్వుతారని కావచ్చు, దానికి తర్వాతది చదవండి.

6. కొనకండి, చాటకండి

మొదటి నెల ఏమీ కొనొద్దు. కొత్త షూస్, కొత్త కెమెరా, కొత్త నోట్‌బుక్, ఏడాది కోర్సు, ఏదీ. కొన్న రోజు పని చేసినంత తృప్తి వస్తుంది, ఆ తృప్తే మనల్ని ముంచుతుంది. ఆరంభశూరత్వం ఎక్కువగా షాపింగ్ రూపంలోనే వస్తుంది. పాత షూస్‌తో ఇరవై రోజులు నడిచాక కాలు నొప్పెడితే అప్పుడు కొనండి, అది అవసరం.

అలాగే స్టేటస్‌లు పెట్టొద్దు. మాటలు కోటలు దాటతాయి కాళ్ళు గడప దాటవు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 2009లో గోల్‌విట్జర్, ఇంకో ముగ్గురు కలిసి రాసిన పేపర్‌లో, లా కోర్సు లాంటివి చదివే స్టూడెంట్స్ తమ సంకల్పాన్ని ఇంకొకరు చూసి గుర్తించాక, ఎవరికీ చూపించనివాళ్ళ కంటే తక్కువ కష్టపడ్డారని తేలింది. నేను ఫలానా అవుతున్నాను అని ఎదుటివాళ్ళు ఒప్పుకోగానే సగం అయిపోయినట్టు మనకి లోపల అనిపించేస్తుంది.

ఒక్కరికి మాత్రం చెప్పండి. పొగిడేవాళ్ళకి వద్దు, తిట్టేవాళ్ళకీ వద్దు, ఆదివారం ఆదివారం "ఎన్ని రోజులు చేశావ్" అని అడిగి, అంకె విని, "సరే" అనేవాళ్ళకి చెప్పండి. నాకు మా అక్క. ఇప్పటికీ ఊఁ అనే అంటుంది.

7. డేట్ పెట్టుకోండి, తర్వాత దాన్ని పెంచండి

డేట్ లేకపోతే ఎప్పటికీ అవ్వదు, డేట్ పెడితే తప్పకుండా దాటిపోతుంది, రెండూ నిజమే. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అని ముగ్గురు, థీసిస్ రాస్తున్న స్టూడెంట్స్‌ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులు అన్నారు. పోనీ అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు అంటే 49 లోపే అన్నారు. నిజంగా పట్టింది 55కి పైనే. అంటే వాళ్ళ పీడకల కంటే కూడా లేటు.

కాబట్టి మీకు తోచిన అంచనాకి ఇంకో సగం కలపండి. అంతకంటే మంచి దారి, అదే పని ఇంతకుముందు చేసినవాళ్ళని అడగండి, ఎంత పట్టింది అని. నేను వేరు, నాకు ముందే అయిపోతుంది అని లోపల ఒక గొంతు అంటుంది, ఆ థీసిస్ పిల్లలకీ అదే అనుంటుంది.

8. తప్పిన రోజు ఏం చెయ్యాలి

తప్పుతుంది. పెళ్ళి, జ్వరం, ఆఫీసులో డెడ్‌లైన్, లేదా ఏ కారణమూ లేకుండా బద్ధకం. అప్పుడు మన బుర్ర ఏమంటుందంటే, చెయిన్ తెగిపోయింది కదా, వచ్చే సోమవారం నుంచి ఫ్రెష్‌గా మొదలెడదాం అంటుంది. ఆ సోమవారం ఫస్ట్ తారీకు అవుతుంది, ఫస్ట్ తారీకు జనవరి అవుతుంది.

లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందికి రోజూ ఒకే సందర్భానికి కట్టిన చిన్న పని ఒకటి ఎంచుకోమని చెప్పి 12 వారాలు గమనించింది, 2009లో వచ్చింది ఆ పేపర్. పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, కొందరికి లెక్క ప్రకారం 254 దాకా వెళ్ళింది. 21 రోజుల్లో అలవాటైపోతుంది అనే మాట పట్టుకుని 22వ రోజు ఇంకా కష్టంగా ఉందే అని మానేసినవాళ్ళు ఎంతమందో. ఆ పేపర్‌లోనే ఇంకో మంచి మాట ఉంది, మధ్యలో ఒక్క రోజు తప్పితే అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం ఏమీ జరగలేదు.

నేను చేసేదేంటంటే పనికి ఒక పొట్టి సైజు పెట్టుకున్నా. మామూలు రోజు ఐదు లైన్లు, చెత్త రోజు ఒక్క లైన్. రాత్రి పదకొండున్నరకి మంచం మీద పడుకుని ఫోన్లో "అతను తలుపు వేసి వెళ్ళిపోయాడు" అని టైప్ చేసి పడుకున్న రోజులున్నాయి. అది కూడా లెక్కే. అది కూడా కుదరకపోతే మర్నాడు మామూలు ఐదే రాయండి, నిన్నటి బాకీ కలిపి పది రాస్తే ఆ మర్నాడు కూడా ఎగ్గొడతారు.

9. వారానికోసారి లెక్క చూడండి, పది నిమిషాలు చాలు

క్యాలెండర్ మీద చేసిన రోజుకి టిక్. ఆదివారం టిక్కులు లెక్కపెట్టండి. నాలుగు కంటే తక్కువ ఉంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ప్లాన్ మార్చండి. పని పెద్దదై ఉండాలి, లేదా ‘గానే’ తప్పు దానికి కట్టి ఉండాలి. నేను మొదట "గిన్నెలు కడగగానే" అని పెట్టా, వారానికి రెండు టిక్కులు, ఎందుకంటే గిన్నెలయ్యేసరికి నేను కూడా అయిపోతున్నా. పళ్ళు తోమడానికి మార్చాక ఐదు, ఆరు వచ్చాయి. మనిషిని నేనే, బద్ధకమూ అదే, గంట మారింది అంతే.

వారం వారం ఫలితం మాత్రం చూసుకోకండి. బరువు, ఫాలోవర్లు, ఇంటర్వ్యూ కాల్స్ ఇవన్నీ నెలకోసారి చాలు. గింజ నాటి రోజూ తవ్వి మొలిచిందా అని చూస్తే మొలిచేది కూడా చస్తుంది.

10. మానేసే డేట్ కూడా ముందే రాసుకోండి

ఇది ఎవరూ చెప్పరు, నాకు మాత్రం చాలా పనికొచ్చింది. మొదలుపెట్టిన రోజే క్యాలెండర్‌లో వంద రోజుల తర్వాత ఒక రోజు గుర్తు పెట్టండి. అప్పటిదాకా వదిలేయాలా వద్దా అనే చర్చ మీతో మీరు పెట్టుకోకూడదు, ఎంత ఏడుపొచ్చినా. ఆ రోజు మాత్రం నిజాయితీగా కూర్చుని అడగండి, ఈ మామూలు రోజులు ఇంకో వంద నాకు కావాలా అని. వద్దనిపిస్తే మానేయండి, అందులో నామోషీ లేదు, మొదటి స్టెప్‌లో కొట్టేయాల్సింది కాస్త లేటుగా కొట్టేశారు అంతే. ఇల్లు అమ్మేసి, ఉద్యోగం మానేసి కల వెంట పరిగెత్తడం గురించి నేను ఇక్కడ ఏమీ రాయకపోవడానికి కారణం కూడా ఇదే, ఆ వంద రోజులు ఉద్యోగం చేస్తూ పొద్దున్న అరగంటలో చూసుకోవచ్చు, తేలాక పెద్ద నిర్ణయాలు.

ఈ రాత్రికి మీరు చెయ్యాల్సింది మొత్తం పదీ కాదు. ఇది చదవడం అవ్వగానే ఫోన్ పక్కన పెట్టి కాగితం తియ్యండి, ఒక్క ‘గానే’ వాక్యం రాసి బాత్‌రూమ్ అద్దానికో, ఫ్రిజ్‌కో అంటించండి, పేరా రాయకండి, ఒక్క లైన్.

నా నవల ఇంకా అవ్వలేదు. నూట ముప్పై పేజీలయ్యింది, ఫైల్ పేరు ‘చిత్తు’ అని మార్చా. వర్షం ఆగాక ఆమె ఏం చేసిందో తేలక ఆ మూడున్నర లైన్లూ తీసేశా, ఇప్పుడు కథ వేరే మనిషి తలుపు తట్టడంతో మొదలవుతోంది.